అంత పెద్ద ఎల్ నినో ఉన్న 1997లో వానలు కురిశాయి, మరి 2002లో ఎందుకు మొహం చాటేశాయి?

ప్రశ్న: తొలకరి

పసిఫిక్ మహాసముద్రంలో ఎల్ నినో, అంటే భూమధ్యరేఖ వెంట నీరు మామూలు కన్నా వేడెక్కే పరిస్థితి, ఏర్పడుతోందన్న వార్త వచ్చిన ప్రతి ఏడూ "ఈసారి కరవు తప్పదు" అన్న మాట వెన్నంటే వినిపిస్తుంది. అందులో నిజమెంతో తేల్చుకుందామని భారత వాతావరణ శాఖ ప్రకటించిన నైరుతి రుతుపవనాల వర్షపాత వివరాలను, ఎల్ నినో సంవత్సరాల పట్టికను పక్కపక్కన పెట్టి చూశాను. సందేహం తీరకపోగా మరింత పెరిగింది.

1997 నాటి ఎల్ నినో ఇరవయ్యో శతాబ్దంలో నమోదైన అత్యంత బలమైన వాటిలో ఒకటి. అయినా ఆ ఏడు జూన్ నుంచి సెప్టెంబరు దాకా దేశం మొత్తం మీద కురిసిన వాన దీర్ఘకాలిక సగటులో 102 శాతం, అంటే లోటు మాట అటుంచి కాస్త ఎక్కువే. 2002లో వచ్చినది మధ్యరకం ఎల్ నినో. వానాకాలంలో పసిఫిక్ నీటి ఉష్ణోగ్రత పెరుగుదల 1997తో పోలిస్తే దాదాపు సగం దగ్గరే ఆగింది. వర్షపాతం మాత్రం 81 శాతానికి పడిపోయింది, జూలై నెలలోనైతే కురవవలసిన దానిలో ఇంచుమించు సగమే కురిసింది. 2009లో 78 శాతం, 2015లో 86 శాతం నమోదయ్యాయి. బలానికీ లోటుకూ పొంతన కుదరడం లేదు.

పసిఫిక్ వేడెక్కితే మన వానలు తగ్గుతాయన్నది నిజమే అయితే, ఎక్కువ వేడెక్కినప్పుడు ఎక్కువ తగ్గాలి కదా? ఆ లెక్క ఎక్కడ తప్పుతోంది? హిందూ మహాసముద్రానికి కూడా ఇందులో పాత్ర ఉందంటారు. అది ఎంతవరకు నిలబడే మాట? తెలిసినవారు వివరంగా రాయగలరని మనవి.

జవాబు: కెరటం

తొలకరి గారూ, మీ పట్టికలో కనిపించిన ఈ పొంతన లేనితనం శాస్త్రవేత్తలను కూడా ఏళ్ల తరబడి తికమక పెట్టింది. పసిఫిక్ ఎంత వేడెక్కిందన్నదాని కన్నా, ఆ వేడి ఏ చోట కుదురుకుందన్నది మన వానలకు ముఖ్యం. ఇది బోధపడాలంటే అసలు అక్కడ జరిగేదేమిటో కొంచెం ఓపికగా చూడాలి.

మామూలు సంవత్సరాల్లో భూమధ్యరేఖ వెంట తూర్పు నుంచి పడమరకు వీచే వ్యాపార పవనాలు పసిఫిక్ పైపొర లోని వెచ్చని నీటిని ఇండోనేసియా వైపు నెట్టి పోగు చేస్తాయి. అక్కడి నీరు 28, 29 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటే, పెరూ తీరం వైపు లోతుల్లోని చల్లని నీరు పైకి ఉబికి రావడం వల్ల ఉష్ణోగ్రత అయిదారు డిగ్రీలు తక్కువగా ఉంటుంది. వెచ్చని నీటి మీది గాలి తేమను మోసుకుంటూ పైకి లేచి, మేఘాలై కురిసి, ఆ పైన తూర్పు దిక్కుగా సాగి, చల్లని తూర్పు పసిఫిక్ మీద కిందికి దిగుతుంది. దీన్నే వాకర్ ప్రసరణ అంటారు. ఆ పేరు గల గిల్బర్ట్ వాకర్ 1904 నుంచి 1924 దాకా భారత వాతావరణ పరిశీలనశాలలకు అధిపతి. రుతుపవనాల రాకడను ముందే పసిగట్టే దారి వెతుకుతూ ప్రపంచం నలుమూలల వాయుపీడన లెక్కలను జల్లెడ పట్టి, పసిఫిక్ తూర్పు పడమరల మధ్య పీడనం ఒకవైపు పెరిగితే మరోవైపు తగ్గుతూ ఊగిసలాడుతోందని ఆయన గుర్తించాడు. ఆ ఊగిసలాటకూ సముద్రపు వేడికీ ఉన్న లంకెను వాతావరణ శాస్త్రవేత్త జేకబ్ బ్యెర్క్‌నెస్ 1969లో విడమరిచి చెప్పాడు. ఇక్కడి కరవుల కారణం వెతకబోయిన పని పసిఫిక్ గుట్టు విప్పడం నాకెప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఎల్ నినో సంవత్సరంలో వ్యాపార పవనాలు నీరసిస్తాయి. పడమర పోగుపడిన వెచ్చని నీరు మధ్య పసిఫిక్‌కూ తూర్పుకూ పరచుకుంటుంది, గాలి పైకి లేచే చోటు కూడా దానితోపాటు తూర్పుకు జరుగుతుంది. ఒకచోట పైకి లేచిన గాలి మరోచోట దిగక తప్పదు. ఆ దిగే చోటు ఇండోనేసియా మీదికీ, కొన్నిసార్లు భారత ఉపఖండం మీదికీ వస్తుంది. దిగే గాలి మేఘాలను ఎదగనివ్వదు. కనుక మనకు తేల్చవలసిన ప్రశ్న ఒక్కటే: ఆ దిగుడు సరిగ్గా ఎక్కడ పడింది?

ఇక్కడే 28 డిగ్రీల సంగతి అక్కరకొస్తుంది. ఉష్ణమండల సముద్రాల్లో ఉపరితల ఉష్ణోగ్రత సుమారు 28 డిగ్రీలు దాటిన చోటనే ఆకాశాన్నంటే మేఘాలు విరివిగా ఏర్పడతాయి. మధ్య పసిఫిక్‌లో నీరు మామూలుగానే ఆ గీతకు దగ్గరగా ఉంటుంది కాబట్టి, ఒక్క డిగ్రీ పెరిగినా అక్కడ మేఘాలు ఉధృతంగా లేచి ప్రసరణ మొత్తాన్నీ కదిలిస్తాయి. తూర్పు పసిఫిక్‌లో నీరు మొదటే చల్లన కనుక, రెండు మూడు డిగ్రీలు పెరిగినా అది ఆ గీతను అంతంతమాత్రంగానే దాటుతుంది. పటం మీద ఎర్రగా భయపెట్టేది తూర్పు భాగమే అయినా, మన రుతుపవనాలను గట్టిగా దెబ్బతీయగలిగేది చూడడానికి చిన్నగా కనిపించే మధ్య పసిఫిక్ వేడి.

1997లో వేడి ప్రధానంగా తూర్పున, దక్షిణ అమెరికా తీరం వైపు పేరుకుంది. గాలి దిగుడు ఎక్కువగా ఇండోనేసియా మీద పడింది. అక్కడ తీవ్రమైన అనావృష్టి ఏర్పడి, నెలల తరబడి అడవులు తగలబడి, ఆ పొగ సింగపూర్, మలేసియాలను కూడా కమ్మేసింది. 2002లో వేడి మధ్య పసిఫిక్‌లో నిలిచింది, దిగుడు మన మీదికి జరిగింది. కె. కృష్ణకుమార్ బృందం 2006లో సైన్స్ పత్రికలో ప్రచురించిన పరిశోధన ఈ తేడానే చూపింది. 2015లో తూర్పుతోపాటు మధ్య పసిఫిక్ కూడా బాగా వేడెక్కింది కాబట్టి, 1997తో సమానమైన బలం ఉన్న ఎల్ నినో ఆ ఏడు మన వానలను వదిలిపెట్టలేదు.

మీరు చూసిన పట్టిక బహుశా నినో 3.4 అనే సూచికతో తయారైనదై ఉంటుంది. అది 170 నుంచి 120 డిగ్రీల పశ్చిమ రేఖాంశాల మధ్య సగటు ఉష్ణోగ్రతలోని తేడాను ఒకే అంకెలో చెబుతుంది. వేడి ఎటు వైపు ఒరిగి ఉందో ఆ అంకె చెప్పదు.

జవాబు: రుతురేఖ

కెరటం గారు పసిఫిక్ వైపు కథను చక్కగా చెప్పారు. అయితే 1997 విషయంలో సగం కారణం మన పక్కనే ఉన్న సముద్రంలో ఉందని నా అభిప్రాయం.

హిందూ మహాసముద్రానికి కూడా ఒక త్రాసు ఉంది. ఒక సిబ్బె ఆఫ్రికా తీరం వైపు, రెండోది సుమత్రా, జావా తీరాల వైపు. కొన్ని సంవత్సరాల్లో వేసవి చివర నుంచి సుమత్రా తీరం వెంట ఆగ్నేయ గాలులు బలపడి, లోతులోని చల్లని నీటిని పైకి తెస్తాయి. తూర్పు చల్లబడుతుంది, భూమధ్యరేఖ వెంట గాలి పడమరకు మళ్లుతుంది, ఆఫ్రికా వైపు నీరు వెచ్చబడుతుంది. ఈ పరిస్థితిని ధన ద్విధ్రువం అంటారు. వార్తల్లో ఐఓడీ అనే పొట్టి పేరుతో కనిపిస్తుంది. దీని ఎదురు పరిస్థితి రుణ ద్విధ్రువం. సాజీ, గోస్వామి, వినయచంద్రన్, యమగాటా 1999లో నేచర్ పత్రికలో దీనిని పసిఫిక్ చక్రంతో సంబంధం ఉన్నా తనదైన నడక గల ప్రత్యేక చక్రంగా వర్ణించారు.

తూర్పు హిందూ మహాసముద్రం చల్లబడితే మనకు ఒరిగేదేమిటి? భూమధ్యరేఖకు దిగువన సముద్రం మీదనే కురిసిపోయే మేఘాలకూ, ఉత్తరాన రుతుపవన ద్రోణి (వానాకాలంలో ఉత్తర, మధ్య భారతాల మీద పరచుకునే అల్పపీడన పట్టీ) వెంట కురిసే మేఘాలకూ మధ్య ఎప్పుడూ ఒక పోటీ నడుస్తుంటుంది. సుమత్రా వైపు నీరు చల్లబడితే ఆ పోటీదారు నీరసించి, తేమ గాలులు బంగాళాఖాతం వైపూ మధ్య భారతం వైపూ చేరడం సులువవుతుంది. 1997లో బలమైన ధన ద్విధ్రువం ఏర్పడి, పసిఫిక్ నుంచి వచ్చిన నష్టాన్ని చాలావరకు పూడ్చింది. ఆ ఏడు చివర్లో తూర్పు ఆఫ్రికాలో వచ్చిన భారీ వరదలు కూడా దాని వల్లనే. 1994లో బలమైన ధన ద్విధ్రువం ఉండగా మన వర్షపాతం సగటు కన్నా దాదాపు పది శాతం ఎక్కువ నమోదైంది.

2019 ఇంకా ఆసక్తికరమైనది. బలహీనమైన ఎల్ నినో ఛాయలో జూన్ నెల మూడో వంతు లోటుతో ముగిసింది. ఆ తర్వాత పసిఫిక్ వేడి తగ్గింది, ధన ద్విధ్రువం రోజురోజుకూ బలపడింది, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో కుండపోతగా కురిసి సీజన్ మొత్తం 110 శాతంతో ముగిసింది. మామూలుగా సెప్టెంబరులోనే మొదలు కావలసిన రుతుపవనాల తిరోగమనం ఆ ఏడు అక్టోబరు 9న గాని మొదలు కాలేదు. 2002లో ఇలా ఆదుకునే చేయి హిందూ మహాసముద్రం నుంచి రాలేదు.

జవాబు: ద్రోణి

రుతురేఖ గారి వివరణతో నాకు పాక్షికంగానే ఏకీభావం. ద్విధ్రువాన్ని ఎల్ నినోకు విరుగుడు మందులా చెప్పుకోవడం ఈమధ్య ఎక్కువైంది. 2023ను చూడండి. జూన్‌లోనే ఎల్ నినో ప్రకటన వచ్చింది, ధన ద్విధ్రువం రాబోతోందన్న ధీమా అందరిలో ఉంది, అది వచ్చింది కూడా, అదీ బలంగా. కానీ ఆగస్టు నెల 36 శాతం లోటుతో 1901 తర్వాతి అత్యంత పొడి ఆగస్టుగా మిగిలింది. సెప్టెంబరులో వానలు సగటును మించినా సీజన్ 94 శాతం దగ్గరే ముగిసింది.

ఇందులో దాగి ఉన్నది కాలవ్యవధి సమస్య. ద్విధ్రువం సాధారణంగా జూన్ ప్రాంతంలో మొలకెత్తి సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పతాక స్థాయికి చేరి, డిసెంబరుకల్లా గాలుల దిశ మారడంతో కరిగిపోతుంది. నాట్లకూ విత్తనాలకూ కీలకమైన జూన్, జూలై నెలల్లో దానికి ఇంకా బలం చిక్కి ఉండదు. 2023లో అది ఆగస్టు చివర గాని ఊపందుకోలేదు. కాబట్టి "ద్విధ్రువం ధనంగా ఉంటుంది" అన్న వాక్యం విన్నప్పుడు "ఏ నెల నుంచి?" అని అడగకపోతే ఆ వాక్యానికి విలువ లేదు. 1997 సంగతిలో పసిఫిక్ వేడి తూర్పుకు ఒరగడం, ద్విధ్రువం త్వరగా బలపడడం రెండూ కలిసివచ్చాయి. ఏది ఎంత అన్నది విడదీసి చెప్పడానికి ఒకే ఒక్క సంవత్సరం చాలదు.

తొలకరి

అందరికీ ధన్యవాదాలు. నా పట్టికలో ఏ అంకె లోపించిందో ఇప్పుడు అర్థమైంది. అయితే ఇంతవరకు మాట్లాడుకున్నదంతా దేశం మొత్తం సగటు. నాలుగు నెలలకు 87 సెంటీమీటర్లనే ఆ సగటు ఎవరి పొలంలోనూ కురవదు కదా. తెలంగాణ, కోస్తా, రాయలసీమలకు ఈ చక్రాలు ఏం చేస్తాయి? ఈశాన్య రుతుపవనాల మీద ప్రభావం తలకిందులుగా ఉంటుందని చదివాను, అది నిజమేనా?

జవాబు: వాయవ్యం

నిజమే, కానీ జాగ్రత్తగా చెప్పుకోవలసిన నిజం.

ముందు నైరుతి కాలం. ఎల్ నినో ఏళ్లలో జరిగేది నాలుగు నెలలూ చినుకులు కొద్దికొద్దిగా తగ్గడం కాదు. వానల మధ్య విరామాలు పొడవవుతాయి. విరామం వచ్చినప్పుడు రుతుపవన ద్రోణి మధ్య భారతాన్ని వదిలి హిమాలయాల పాదాల దగ్గరికి జరుగుతుంది. అప్పుడు ఈశాన్య రాష్ట్రాల్లో, పర్వత పాదాల్లో కుండపోత కురుస్తుంది, మధ్య, పశ్చిమ భారతాలు ఎండుతాయి, తమిళనాడులోనూ దాని చుట్టుపక్కలా సాయంత్రాలు ఉరుముల వానలు పడతాయి. ఒకే ఎల్ నినో, ఒకే వారం, మూడు చోట్ల మూడు రకాల ఆకాశం. అందుచేత దేశం సగటులో పది శాతం లోటు అంటే ప్రతి జిల్లాలో పది శాతం లోటు అని అర్థం కాదు.

ఇంకో వైపు నుంచి చూస్తే, 2022 లా నినా సంవత్సరం, అంటే ఎల్ నినోకు ఎదురుగా పసిఫిక్ మామూలు కన్నా చల్లబడిన ఏడు. దేశం సగటు 106 శాతం, తెలంగాణలో అధిక వర్షపాతం. అదే ఏడు బిహార్, జార్ఖండ్, ఉత్తర్‌ప్రదేశ్‌లలో వరినాట్లు పడక రైతులు అల్లాడిపోయారు. బంగాళాఖాతంలో పుట్టిన అల్పపీడనాలు ఎప్పటి దారి కన్నా దక్షిణంగా ప్రయాణించడమే అందుకు ముఖ్య కారణం. సముద్రపు చక్రం మొత్తం మీద తూకాన్ని అటో ఇటో మొగ్గేలా చేస్తుంది గాని, ఏ అల్పపీడనం ఏ దారిన పోవాలో అది నిర్ణయించదు.

తెలంగాణ విషయంలో 2023 జూలై చివరి వారాన్ని గుర్తు చేస్తాను. అప్పటికి ఎల్ నినో ప్రకటించి నెల దాటింది. ములుగు జిల్లా వెంకటాపూర్ మండలంలోని లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన నమోదైంది, అంటే దేశం నాలుగు నెలల సగటులో నాలుగింట మూడు వంతులు. ఆ వెంటనే ఆగస్టు మొత్తం పొడిగా గడిచింది. జూలై, ఆగస్టు లెక్కలు కలిపి సగటు తీస్తే చూడడానికి బాగానే ఉంటుంది, పైరు మాత్రం ముందు మునిగి, తర్వాత ఎండింది.

ఇక ఈశాన్య రుతుపవనాలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తమిళనాడు, దక్షిణ కోస్తా, రాయలసీమలకు ఇవి ముఖ్యం. తమిళనాడుకైతే ఏడాది వానలో పెద్ద వాటా వీటిదే. ఎల్ నినో, ధన ద్విధ్రువం ఉన్న ఏళ్లలో హిందూ మహాసముద్రపు పడమటి భాగం వెచ్చగా ఉండడంతో బంగాళాఖాతం మీదుగా తూర్పు గాలులు బలపడి తేమను తీరానికి చేరవేస్తాయి. అందువల్ల నైరుతిలో నష్టపోయినవారికి ఈశాన్యంలో కొంత తిరిగి దక్కే అవకాశం ఉంది. 2015లో నైరుతి 86 శాతం దగ్గర ఆగిపోయినా, నవంబరు, డిసెంబరు నెలల్లో చెన్నై, నెల్లూరు మునిగిపోయాయి. దీనికి పూర్తి విరుద్ధంగా 2016లో బలహీన లా నినా, రుణ ద్విధ్రువం కలిసి, తమిళనాడులో ఈశాన్య రుతుపవనాల లోటు 60 శాతం దాటింది.

ఇంతవరకు సూత్రం చక్కగా ఉంది. కానీ 2021 లా నినా సంవత్సరం. సూత్రం ప్రకారం ఈశాన్య వానలు తగ్గాలి. దక్షిణ ద్వీపకల్పంలో 1901 తర్వాత ఎన్నడూ లేనంతగా కురిశాయి. ఆ నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లు కొట్టుకుపోయాయి. ఆ కాలంలో బంగాళాఖాతంలో ఒకదాని వెంట ఒకటిగా వచ్చిన అల్పపీడనాలు, వాయుగుండాలు పసిఫిక్ చెప్పిన లెక్కను పక్కకు నెట్టేశాయి. ఈశాన్య కాలంలో పది పదిహేను రోజుల వర్షమే సీజన్ ఫలితాన్ని తేల్చేస్తుంది కాబట్టి, ఇక్కడ సముద్రపు చక్రాల మీద భరోసా నైరుతి కాలం కన్నా తక్కువగా పెట్టుకోవాలి.

జవాబు: కెరటం

వాయవ్యం గారు చెప్పినదానికి ఒక పొడిగింపు. ఎల్ నినో సూచికకూ దేశ వర్షపాతానికీ మధ్య ఉన్న గణాంక సంబంధం సుమారు మైనస్ 0.6 అని చాలాకాలంగా చెబుతున్నారు (ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుందని ఆ మైనస్‌కు అర్థం; 0.6ను దానితోనే గుణిస్తే 0.36). అంటే ఏటేటా వానల్లో కనిపించే హెచ్చుతగ్గుల్లో మూడో వంతుకు కాస్త అటూఇటూగా మాత్రమే పసిఫిక్ లెక్కలోకి వస్తుంది. మిగిలినదంతా హిందూ మహాసముద్రం, అల్పపీడనాల సంఖ్య, ముప్ఫై నుంచి అరవై రోజులకొకసారి భూమధ్యరేఖ చుట్టూ కదిలే మేఘాల తెరలు, ఇంకా ముందుగా పట్టుబడని గందరగోళం.

ఆ 0.6 కూడా స్థిరమైన అంకె కాదు. 1980ల నుంచి ఈ సంబంధం సడలిందని 1999లో ఒక ప్రముఖ పరిశోధన చూపింది. పసిఫిక్‌లో ఇరవై ముప్ఫై ఏళ్లకు మారే మరో నెమ్మది చక్రం ఉంది, 1976 ప్రాంతంలో అది చల్లని దశ నుంచి వెచ్చని దశకు మారింది. ఉత్తర అట్లాంటిక్‌కు కూడా అలాంటి దశాబ్దాల చక్రమే ఉంది. ఈ నెమ్మది చక్రాలు ఎల్ నినో ప్రభావాన్ని ఒక్కో కాలంలో పెంచుతూ, ఒక్కో కాలంలో తగ్గిస్తూ ఉంటాయని ఒక వాదం. నూటయాభై ఏళ్ల లెక్కల్లో అలాంటి ఊగిసలాట యాదృచ్ఛికంగా కూడా కనిపించగలదని ఎదురువాదం. నేను రెండో వాదానికి కాస్త దగ్గరగా ఉన్నాను, ఎందుకంటే 2002, 2004, 2009 కరవులు వచ్చిన తర్వాత "సంబంధం తెగిపోయింది" అన్నవారి గొంతు చాలా తగ్గింది. వీటన్నిటి మీదా హిందూ మహాసముద్రం, అందులోనూ దాని పడమటి భాగం, గత శతాబ్దంలో ఒక డిగ్రీకి పైగా వేడెక్కడం అనే మార్పు పరచుకుని ఉంది. నేలకూ సముద్రానికీ మధ్య ఉష్ణోగ్రత తేడాయే రుతుపవనాలకు చోదకశక్తి కనుక ఈ వేడి గాలులను బలహీనపరచవచ్చు. మరోవైపు వేడెక్కిన సముద్రం ఎక్కువ తేమను ఇస్తుంది కనుక కురిసిన రోజు విపరీతంగా కురవవచ్చు.

తొలకరి గారు వచ్చే ఏడు కూడా పట్టిక వేయదలచుకుంటే ఒక సలహా. ఏప్రిల్‌లో వినిపించే ఎల్ నినో అంచనాను పెన్సిలుతో రాసుకోండి. మార్చి నుంచి మే దాకా పసిఫిక్ గాలులూ నీళ్లూ పట్టు సడలి ఉంటాయి కాబట్టి, ఆ నెలల్లో వేసిన అంచనాలు ఏడాది మొత్తంలోనే అత్యంత బలహీనమైనవి. జూన్ రెండో వారానికి నినో 3.4తోపాటు, దానికి పడమరన ఉన్న నినో 4 ఉష్ణోగ్రతను, సుమత్రా తీరపు ఉష్ణోగ్రతను కూడా పక్క గడుల్లో వేసుకోండి. 1997, 2002 సంవత్సరాలకు కూడా ఆ రెండు గడులు నింపి చూస్తే, మీరు మొదట అడిగిన తేడా అంకెల్లోనే కనిపిస్తుంది.